సౌతాఫ్రికాలో ఓడిపోయిన పార్టీ ఎక్కడికి పోయింది?

2024 జూన్ 3, సోమవారం. మధ్యాహ్నం పన్నెండున్నరకి మా స్టాండప్ కాల్. మర్నాడే మన కౌంటింగ్. మా టీమ్‌లో సగం మంది ఏపీ, సగం మంది తెలంగాణ. ఎవరి పని ఎంతవరకు వచ్చిందని మేనేజర్ అడుగుతుంటే అందరి చూపూ ఫోన్ల మీదే. ఎగ్జిట్ పోల్స్ మీద వాట్సాప్‌లో యుద్ధం నడుస్తోంది మరి. అప్పుడు డర్బన్ నుంచి మా క్లయింట్ వైపు ప్రాజెక్ట్ చూసే పెద్దాయన లైన్లోకి వచ్చి, "మాది నిన్న సాయంత్రం తేలిపోయింది, మీది రేపా?" అన్నారు.

పెద్దాయన అంటే మరీ ముసలాయన కాదు, యాభై ఉంటాయి. ముత్తాతల కాలంలో విశాఖ వైపు నుంచి మద్రాసు ఓడెక్కి నేటాల్ చెరకు తోటలకి కూలికెళ్లిన కుటుంబం. మనవాళ్లని అక్కడికి తీసుకెళ్లిన మొదటి ఓడ మద్రాసులో బయల్దేరి 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. అక్కడి తెలుగువాళ్లు 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఈయనకి మాత్రం తెలుగంటే ఓ పది మాటలు. అవ్వ, తాత, పచ్చడి, పులుసు లాంటివి. మిగతాదంతా ఇంగ్లిషే. నేను సర్ అంటే ఒప్పుకోరు, పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు. అందుకే ఏమీ పిలవకుండా మాట్లాడే ఆర్ట్ నేర్చుకున్నా.

కాల్ అయ్యాక ఇద్దరమే మిగిలాం. మీ పార్టీ గెలిచిందా అని అడిగా. "మూడొందల పైచిలుకు లేవు, రెండొందలూ లేవు, నూట యాభై తొమ్మిది" అన్నారు. ఆ తర్వాత అన్న మాట మాత్రం నా బుర్రలోంచి పోలేదు. "1994లో నేను మండేలా పార్టీకి వేశాను. మా నాన్న మమ్మల్ని అణిచిన పార్టీకే వేశాడు. ఆరు నెలలు మాట్లాడుకోలేదు. ఇప్పుడు మా నాన్న వేసిన పార్టీయే లేదు. అది ఎక్కడికి పోయిందో తెలుసా? మా పార్టీలోకి."

మ్యూట్‌లో ఉన్నానేమో అనుకుని రెండుసార్లు "అదేంటి" అన్నాను. ఆ రాత్రి పడుకోకుండా చదివా. మన కౌంటింగ్ టెన్షన్ వల్ల ఎలాగూ నిద్ర లేదు కదా. ఈ వారం కాలమ్ ఆ చదువే.

ముందు కథ తెలియనివాళ్ల కోసం గబగబా. 1948లో తెల్లవాళ్ల నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. అపార్థీడ్ అనే పద్ధతికి చట్టాల రూపం ఇచ్చింది ఆ పార్టీయే. ఎవరు ఎక్కడ ఉండాలి, ఏ బెంచీ మీద కూర్చోవాలి, ఎవరిని పెళ్లి చేసుకోవాలి, అన్నిటికీ రంగే కొలమానం. జనాభాలో అత్యధికులైన నల్లవాళ్లకి పార్లమెంటు ఓటు లేదు. 1984లో కలర్డ్ అని పిలిచే మిశ్రమ జాతివాళ్లకి ఒక సభ, ఇండియన్లకి ఒక సభ పెట్టి, అసలు పవర్ తెల్లవాళ్ల సభ దగ్గరే ఉంచుకున్నారు. ఇండియన్లలో నమోదైన ఓటర్లలో సుమారు ఐదోవంతే ఆ ఎన్నికకి వెళ్లారు. మిగతావాళ్లు బహిష్కరించారు. 1990లో డి క్లర్క్ ఏఎన్‌సీ మీద నిషేధం ఎత్తేశాడు, మండేలా జైలు నుంచి బయటికొచ్చాడు. నాలుగేళ్ల చర్చలు, చాలా రక్తం, చివరికి 1994 ఏప్రిల్ చివర్లో అందరికీ ఓటు.

ఆ ఎన్నికకి ఓటర్ల జాబితానే లేదు. ఐడీ చూపించు, చేతి మీద కంటికి కనబడని ఇంకు వేయించుకో, ఓటెయ్యి. అల్ట్రావయొలెట్ లైట్ కింద చెయ్యి పెడితే వేసింది లేనిదీ తెలిసిపోతుంది. బ్యాలెట్ మీద 19 పార్టీలు. జులూల పార్టీ ఇంకాతా, పోటీ చెయ్యనని భీష్మించుకుని సరిగ్గా వారం ముందు సరే అంది. అప్పటికే బ్యాలెట్లు ప్రింటయిపోయాయి! అడుగున స్టిక్కర్ అంటించారు. ప్రొడక్షన్‌లో హాట్‌ఫిక్స్ అంటే అదీ.

ఫలితం: 400 సీట్లలో ఏఎన్‌సీకి 252, నేషనల్ పార్టీకి 82, ఇంకాతాకి 43. మిగతా నాలుగు పార్టీలకి కలిపి 23.

ఆ 82 దగ్గర ఆగండి. నేషనల్ పార్టీకి 20 శాతం పైగా ఓట్లొచ్చాయి. అప్పటి ఓటర్లలో తెల్లవాళ్లు అంతమంది లేరు. మరి ఎవరు వేశారు? వెస్టర్న్ కేప్‌లో కలర్డ్ ఓటర్లు భారీగా వేశారు, ఆ రాష్ట్రాన్నే గెలిపించి పెట్టారు. నేటాల్‌లో ఇండియన్లలో ఎక్కువమంది వేశారు, పెద్దాయన నాన్నతో సహా. పదేళ్ల కిందట ఓటు బహిష్కరించిన జనమే.

ఎందుకని అడిగాను. ఒక్క ముక్కలో చెప్పారు: "భయం." 1949లో డర్బన్‌లో ఇండియన్ల మీద దాడులతో మొదలై వంద మందికి పైగా చనిపోయిన అల్లర్లని వాళ్ల నాన్న చిన్నపిల్లాడిగా చూశాడు. ఎనభైల్లో, తొంభైల్లో నేటాల్ నిండా ఏఎన్‌సీ, ఇంకాతా వాళ్ల చంపుకోవడాలు. నేషనల్ పార్టీ ప్రచారం కూడా సరిగ్గా ఆ భయం మీదే నడిచింది. వాళ్ల నాన్న లెక్క ఇదట: "వీళ్లు చెడ్డవాళ్లే, కానీ ఎంత చెడ్డవాళ్లో నాకు తెలుసు." తెలిసిన దెయ్యం నయం అనే ఈ లెక్క మన ఊళ్లో కూడా చాలామంది వేస్తారు కాబట్టి నేను ఆయన్ని తప్పుపట్టలేకపోయా. కొడుకు మాత్రం తప్పుపట్టాడు. ఆరు నెలలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొత్త పార్టీ గెలిచింది, పాత పార్టీ రెండో స్థానంలో ఉంది. మన బుర్రలో ఉన్న మోడల్ ప్రకారం తర్వాత ఏం జరగాలి? పాతది బలమైన ప్రతిపక్షం అవ్వాలి, ఐదేళ్లకో పదేళ్లకో తిరిగి రావాలి. తెలుగువాళ్లం 1983 నుంచి ఆ సినిమానే చూస్తున్నాం. ఒకసారి వీళ్లు, ఒకసారి వాళ్లు. అక్కడ అది జరగలేదు. 82 సీట్ల పార్టీ పదకొండేళ్లలో బోర్డు తిప్పేసింది.

మొదటి కారణం, గెలిచినవాళ్లతో కలిసి కూర్చోవడం. తాత్కాలిక రాజ్యాంగంలో ఒక రూల్ ఉంది: 20 సీట్లొస్తే కేబినెట్‌లో వాటా, 80 వస్తే ఒక ఉపాధ్యక్ష పదవి. 82 వచ్చింది కాబట్టి డి క్లర్క్, మండేలా కింద ఉపాధ్యక్షుడయ్యాడు. అంతర్యుద్ధం రాకుండా పెట్టుకున్న తెలివైన ఏర్పాటే. కానీ ఓటరు వైపు నుంచి చూడండి. ప్రభుత్వాన్ని తిట్టాలనుకుంటే, మీరు ఓటేసిన పార్టీ ప్రభుత్వంలోనే కూర్చుంది. 1996లో బయటికొచ్చేసరికి ఆలస్యమైంది. మరుసటి ఏడాది డి క్లర్క్ తప్పుకున్నాడు. పేరుకి ముందు "న్యూ" తగిలించారు. న్యూ నేషనల్ పార్టీ. వెర్షన్ నంబర్ మార్చినంత మాత్రాన బగ్ పోదు కదా.

రెండో కారణం నాకు ఇంకా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది. ఆ పార్టీ యాభై ఏళ్లుగా అమ్మింది ఒకే సరుకు: అధికారం. మాతో ఉంటే ఉద్యోగం, భద్రత, మీ పిల్లల బడి. అధికారం పోయాక షాపులో సరుకు లేదు. ఈ గ్యాప్‌లోకి ఎవరొచ్చారో చూడండి. 1994లో 7 సీట్లొచ్చిన డెమోక్రాటిక్ పార్టీ. తెల్లవాళ్ల పార్లమెంటులోనే అపార్థీడ్‌ని వ్యతిరేకించిన లిబరళ్ల వారసులు వాళ్లు. ఆ వంశంలో హెలెన్ సుజ్మన్ అనే ఆవిడ 1961 నుంచి 1974 వరకు, పదమూడేళ్లు, తన పార్టీకి ఏకైక ఎంపీ. సభంతా ఒకవైపు, ఆవిడొక్కతే ఒకవైపు. అలాంటి పార్టీ 1999లో టోనీ లియాన్ నాయకత్వంలో "ఫైట్ బ్యాక్" అనే నినాదంతో దిగింది. తిరగబడండి అని. "ఎవరి మీద తిరగబడమంటున్నారు, నల్లవాళ్ల మీదా?" అని ఏఎన్‌సీ ఎద్దేవా చేసింది. అయినా వర్కవుటైంది. 7 కాస్తా 38 అయ్యింది. పాత నేషనల్ పార్టీ 82 నుంచి 28కి పడింది. ఒకప్పుడు హెలెన్ సుజ్మన్‌ని హేళన చేసిన పార్టీకి వేసిన చేతులే ఆవిడ వారసులకి వేశాయి. సుజ్మన్ ఆశయాలు నచ్చి వేశారా అంటే నాకైతే డౌటే. గట్టిగా అరిచేవాడు కావాలి, దొరికాడు.

ఇక్కడి నుంచి మన తెలుగు పాలిటిక్స్ ఫ్లేవర్ మొదలు. 2000లో ఆ రెండు పార్టీలూ కలిసి డెమోక్రాటిక్ అలయన్స్ అయ్యాయి. షార్ట్‌గా డీఏ. ఏడాదికే పెటాకులు. గొడవ ఎక్కడ ముదిరిందో తెలుసా, కేప్‌టౌన్‌లో రెండు వీధులకి మండేలా పేరు, డి క్లర్క్ పేరు పెట్టే దగ్గర. మద్దతుగా ఇచ్చిన సంతకాల్లో దొంగ సంతకాలున్నాయని ఆరోపణలు, మేయర్ మీద చర్య, అలక. న్యూ నేషనల్ పార్టీ పెద్దలు బయటికి నడిచి తిన్నగా ఏఎన్‌సీతో చేతులు కలిపారు.

చిన్న సమస్య వచ్చింది. వాళ్ల కౌన్సిలర్లు గెలిచింది డీఏ గుర్తు మీద. పార్టీ మారితే సీటు పోతుంది, రాజ్యాంగం అలా ఉంది. మన దగ్గర 1985 నుంచి ఉన్న ఫిరాయింపుల చట్టానికి అక్కడి అన్న లాంటిది. మరి ఏం చెయ్యాలి? చట్టం మార్చాలి. మార్చారు. కోర్టుకెళ్లింది, కోర్టు ప్రధానాంశాన్ని ఒప్పుకుంది. 2003కల్లా పార్లమెంటులో కూడా పార్టీ మారొచ్చు, నిర్ణీత రోజుల్లో, ఒక షరతు మీద: ఆ పార్టీ సభ్యుల్లో కనీసం 10 శాతం కలిసి మారాలి.

వినడానికి న్యాయంగానే ఉంది. లెక్క వేయండి. ఏఎన్‌సీకి 266 మంది. అందులోంచి ఎవరైనా పోవాలంటే 27 మంది పోగవ్వాలి. 27 మందిని పార్టీ పెద్దలకి తెలియకుండా పోగుచేయడం, మన ఆఫీసులో శాలరీ హైక్ సీక్రెట్‌గా ఉంచడం, రెండూ ఒకటే. అదే పది మంది లోపు ఉన్న చిన్న పార్టీలో? ఒక్కడు చాలు, ఒక్కడే 10 శాతం దాటేస్తాడు. అంటే గేటు చిన్న పార్టీలకి బయటికి తెరుచుకుంటుంది, పెద్ద పార్టీకి లోపలికి తెరుచుకుంటుంది. మన భాషలో ఆపరేషన్ ఆకర్ష్, కాకపోతే రాజ్యాంగబద్ధంగా. 1999లో ప్రజలు ఏఎన్‌సీకి మూడింట రెండొంతులకి సరిగ్గా ఒక్క సీటు తక్కువ ఇచ్చారు. 2003లో ఒక్క ఓటూ పడకుండా అది 275 అయ్యి ఆ గీత దాటేసింది. ఈ గేటుని 2009లో మూసేశారు.

అక్కడ నియోజకవర్గాలు కూడా లేవు. పార్టీకి ఓటేస్తారు, పార్టీ లిస్టులోంచి ఎంపీలు పోతారు. మా ఎంపీ ఐదేళ్లలో ఒక్కసారీ రాలేదని తిట్టుకోవడానికి కూడా ఒక మనిషి ఉండడు. కనీస ఓట్ల శాతం అనే అడ్డుగోడ కూడా లేదు, నాలుగొందల్లో ఒక వంతు, అంటే పావు శాతం ఓట్లు తెచ్చుకుంటే సీటొచ్చినట్టే. చిన్న పార్టీ బతకడం ఈజీ, పెరగడం కష్టం.

2004 ఎన్నికల్లో న్యూ నేషనల్ పార్టీకి 7 సీట్లు. నాయకుడు మార్టినస్ వాన్ స్కాల్‌విక్‌కి మాత్రం మంత్రి పదవి, పర్యావరణం, టూరిజం శాఖలు. ఏఎన్‌సీ కండువా వేసుకున్నాడు. 2005 ఏప్రిల్‌లో పార్టీ తనని తానే రద్దు చేసుకుంటూ తీర్మానం చేసింది. అపార్థీడ్‌ని కట్టిన పార్టీ, ఆ అపార్థీడ్‌తో పోరాడిన పార్టీలో కలిసిపోయి కథ ముగించింది. "మా నాన్న ఆ రోజు పేపర్ చూసి ఏమీ అనలేదు. పేపర్ మడిచి టీవీ మీద పెట్టాడు" అన్నారు పెద్దాయన. "నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఆ పెద్దమనుషులు మా పార్టీలోకి వచ్చేంత ఈజీగా మా పార్టీ ఎప్పుడు మారిపోయిందా అనిపించింది."

గెలిచినవాళ్లు రెండోవాళ్లని మింగేయడం వేరే చోట కూడా జరిగింది. పక్కనే జింబాబ్వేలో 1980లో మెజారిటీ పాలన వచ్చినప్పుడు 100 సీట్లలో 20 తెల్లవాళ్లకి రిజర్వ్ చేశారు. 1987లో ఆ సీట్లు తీసేశారు. అదే ఏడాది చివర్లో ముగాబే పార్టీ, చాలా హింస తర్వాత, తనతో పాటు స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఎన్‌కోమో పార్టీని కలిపేసుకుంది. సౌతాఫ్రికాలో కనీసం కోర్టులు, పత్రికలు, ఎన్నికల సంఘం నిలబడ్డాయి. అది చిన్న తేడా కాదు, దాని వల్లే తర్వాతి కథ నడిచింది.

తర్వాతి కథ ఏంటంటే, ప్రతిపక్షం బయట తయారవ్వలేదు. ఏఎన్‌సీ కడుపులోంచే పుట్టింది. మళ్లీ మళ్లీ.

మాకు గిట్‌హబ్‌లో ఫోర్క్ అని ఒకటుంటుంది. ప్రాజెక్ట్ నడిపేవాళ్లతో పడకపోతే మొత్తం కోడ్ కాపీ తీసుకుని వేరే పేరుతో మన దారి మనం చూసుకోవడం. ఏఎన్‌సీకి అలాంటివి వరుసగా వచ్చాయి. 1996లో పార్టీ నుంచి గెంటేసిన బంటు హోలోమీసా, నేషనల్ పార్టీ తరఫున చర్చలు నడిపిన రూల్ఫ్ మేయర్‌తో కలిసి 1997లో పార్టీ పెట్టాడు, 14 సీట్లు. 2007 చివర్లో పార్టీ ఎన్నికల్లో ఎంబెకీని జేకబ్ జూమా ఓడించాడు, మరుసటి ఏడాది ఎంబెకీని ఏకంగా అధ్యక్ష పదవి నుంచే దింపేశారు. ఆయన మనుషులు కోప్ అనే పార్టీ పెట్టి 2009లో 30 సీట్లు తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఇద్దరు నాయకులు ఒకరి మీద ఒకరు కోర్టుకెళ్లి కొట్టుకున్నారు, 2014కి 3 సీట్లు. 2012లో మారికానా గని దగ్గర సమ్మె చేస్తున్న 34 మంది కార్మికుల్ని పోలీసులు ఒకే రోజు కాల్చి చంపారు. మండేలా పార్టీ ప్రభుత్వంలో! అదే ఏడాది ఏఎన్‌సీ నుంచి బహిష్కరించిన జూలియస్ మలేమా, మరుసటి ఏడాది ఈఎఫ్ఎఫ్ పెట్టాడు. ఎర్ర టోపీలు, కూలీల ఓవరాల్స్, ఇంటి పనిమనుషుల యూనిఫాంలతో పార్లమెంటులోకి నడిచారు. 2014లో 25 సీట్లు, 2019లో 44.

ఆఖరిది అసలు సిసలు ఫోర్క్. జూమా 2018లో పదవి పోగొట్టుకున్నాడు, 2021లో కోర్టు ధిక్కారం కింద జైలుకెళ్లాడు. ఆ జూలైలో చెలరేగిన అల్లర్లలో మూడొందల మందికి పైగా పోయారు. డర్బన్ పక్కన ఇండియన్లు ఎక్కువగా ఉండే ఫీనిక్స్‌లో 36 మంది, ఎక్కువగా నల్లవాళ్లు, చనిపోయారు. ఆ వారం గురించి పెద్దాయన మాట్లాడలేదు, నేను కూడా అడగలేదు. 2023 డిసెంబర్ 16న జూమా ఎంకే పార్టీకి మద్దతు ప్రకటించాడు. ఎంకే అంటే ఏఎన్‌సీ పాత సాయుధ విభాగం పేరు, ఉంఖోంతో వె సిజ్వె. అది మొదలైంది కూడా డిసెంబర్ 16నే, 1961లో. మా పేరు వాడుకుంటున్నారు మొర్రో అని ఏఎన్‌సీ కోర్టుకెళ్లింది. ఓడిపోయింది. ఎన్నికకి తొమ్మిది రోజుల ముందు, జూమా ఎంపీగా పనికిరాడని రాజ్యాంగ కోర్టు తీర్పిచ్చింది. ఆయన ఫోటో మాత్రం బ్యాలెట్ మీద అలాగే ఉంది. ఐదు నెలల పార్టీకి 58 సీట్లు.

మనకిది మరీ వింత కాదు. 1977లో కాంగ్రెస్‌ని కేంద్రంలో తొలిసారి దించిన జనతా ప్రభుత్వానికి ప్రధాని ఎవరు? మొరార్జీ దేశాయ్. కాంగ్రెస్‌లో ఉపప్రధాని దాకా చేసినాయన. స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీని ఓడించాలంటే ఆ స్వాతంత్ర్యంలో నాక్కూడా వాటా ఉందని చెప్పుకోగలవాడు కావాలి. బయటివాడి మాట జనం అంత తొందరగా వినరు. 1952 నుంచి 1977, పాతికేళ్లు. సౌతాఫ్రికాలో ముప్పై.

సరే, ఫోర్కుల వల్లే ఏఎన్‌సీ పడిపోయిందని రాసేసి ముగిద్దామనుకున్నా. అప్పుడు ఓట్ల శాతాలు వదిలేసి, ఓట్ల సంఖ్యలు ఎక్సెల్‌లో పెట్టుకుని చూశా. మైండ్ బ్లాక్.

1994లో ఏఎన్‌సీకి పడిన ఓట్లు 1 కోటి 22 లక్షలు. 2024లో 65 లక్షల లోపు. దాదాపు సగం. దేశ జనాభా మాత్రం 1996 లెక్కల్లో సుమారు 4 కోట్లు, 2022 లెక్కల్లో 6.2 కోట్లు. సరే, మరి ఆ ఓట్లు ప్రతిపక్షానికి పోయాయా? డీఏకి 2014లో 40 లక్షలు దాటితే, 2024లో 35 లక్షలు. వాళ్లకీ తగ్గాయి! ఎంకేకి 23 లక్షలు. ఇవన్నీ కూడినా లోటు తీరదు. మొత్తం అన్ని పార్టీలకీ కలిపి చెల్లిన ఓట్లు 1994లో 1 కోటి 95 లక్షలు, 2024లో 1 కోటి 61 లక్షలు. రెండు కోట్ల మంది పెరిగిన దేశంలో ముప్పై లక్షలకి పైగా ఓట్లు తగ్గాయి.

అంటే పార్టీ ఫిరాయించింది ఓటరు కాదు. ఓటరు ఇంట్లో ఉండిపోయాడు. ఏఎన్‌సీ 62 శాతం నుంచి 40 శాతానికి రావడంలో కొంత ఫోర్కుల పని, మిగతాది ఖాళీ క్యూల పని. కరెంటు గంటల తరబడి పోతుంటే, ఉద్యోగాలు లేకపోతే, పాత పార్టీ మీద కోపం వస్తుంది. కానీ అవతలి పార్టీ మాది అనిపించకపోతే, ఆ కోపం బూత్ దాకా నడవదు. అపార్థీడ్ నుంచి వచ్చిన గీతలు అక్కడ ఇంకా చెరగలేదు. డీఏ ఎంత బాగా మున్సిపాలిటీ నడిపినా, చాలామంది నల్ల ఓటర్లకి అది ఇంకా తెల్లవాళ్ల పార్టీయే. 1999లో "ఫైట్ బ్యాక్" అని గెలిచిన 38 సీట్ల ఖరీదు ఇదేనేమో అని నా అనుమానం. భయాన్ని ఓటుగా మార్చుకుంటే ఆ ఎన్నిక గట్టెక్కుతుంది, ఆ తర్వాత ఆ పార్టీ ఒక గీత దాటి పెరగడం కష్టమవుతుంది.

పెద్దాయనకి ఒక కూతురు. 24 ఏళ్లు, డేటా సైన్స్ చదువుకుంది. 2000లో పుట్టింది కాబట్టి అక్కడ "బోర్న్ ఫ్రీ" అంటారు, స్వేచ్ఛలో పుట్టిన తరం. ఆ అమ్మాయి ఓటుకి నమోదే చేసుకోలేదు. తాత ఓటేసిన పార్టీ లేదు, తండ్రి ఓటేసిన పార్టీ తండ్రికే నచ్చట్లేదు, ఇక నేను ఎందుకు అందట. ఆరు నెలలు మాట్లాడుకోకుండా ఉన్నారా అని అడిగా. "లేదు. కోప్పడడానికి ఆమె ఏదో ఒక పార్టీకి వేసి ఉండాలి కదా" అన్నారు.

నేను ఏదో నీతి చెప్పే పొజిషన్‌లో లేను. 2019లో నాకు మొదటి ఓటు. బీటెక్ అయిపోతోంది, ప్లేస్‌మెంట్ పరీక్ష ఉంది, ఊరెళ్లలేదు. మా నాన్న ఫోన్ చేసి "నీ ఓటు ఎవరైనా వేసేస్తార్రా" అంటే, వేసుకోనీ అన్నాను. 2024 మే 13న వెళ్లింది కూడా సగం జాతర చూడ్డానికే. హైదరాబాద్ నుంచి బస్సుల్లో నిలబడి వెళ్లినవాళ్లకి తెలుసు అది ఎలాంటి జాతరో. మనకి ఇటో అటో గెలిపించే చాన్స్ ఉంది కాబట్టి నిలబడి వెళ్లాం. గెలిచేది ఎవరో ముప్పై ఏళ్లుగా ముందే తెలిస్తే వెళ్తామా? నేనైతే వెళ్లనేమో.

జూన్‌లో రెండు దేశాల్లోనూ ఒకటే సీను. ఇక్కడ బీజేపీకి 240, మెజారిటీకి 272 కావాలి. అక్కడ ఏఎన్‌సీకి 159, 201 కావాలి. ఇక్కడ పొత్తు ముందే ఉంది. అక్కడ ఫలితాలయ్యాక రెండు వారాల్లో తేల్చుకోవాలి. జూన్ 14న పార్లమెంటు కూర్చునే రోజు దాకా బేరాలు నడిచాయి. చివరికి ఏఎన్‌సీ, డీఏ, ఇంకాతా, ఇంకా చిన్న పార్టీలు కలిసి రామఫోసాని మళ్లీ అధ్యక్షుణ్ణి చేశాయి. పేరు మాత్రం పాతదే, జాతీయ ఐక్యతా ప్రభుత్వం. 1994లోనూ అదే పేరు. అప్పుడు రాజ్యాంగం కలిసి కూర్చోమంది కాబట్టి కూర్చున్నారు. ఇప్పుడు కూర్చోకపోతే లెక్క తేలదు. అప్పటి డీఏ నాయకుడు స్టీన్‌హైసెన్ వ్యవసాయ మంత్రి అయ్యాడు. డి క్లర్క్ పార్టీ ఆ కుర్చీలో కూర్చుని కరిగిపోయింది. డీఏ వాళ్లకి ఆ కథ నోటికొచ్చు. అందుకే లోపలుంటూనే బడ్జెట్ మీద, చట్టాల మీద బయటివాళ్లలా పోట్లాడుతున్నారు.

పెద్దాయన ఉండే క్వాజులూ-నేటాల్ రాష్ట్రం కథ ఇంకా టైట్. 80 సీట్ల అసెంబ్లీ. ఎంకేకి 37, అందరికంటే ఎక్కువ. ఈఎఫ్ఎఫ్ రెండు కలిపితే 39. అవతల ఇంకాతాకి 15, ఏఎన్‌సీకి 14, డీఏకి 11, మొత్తం 40. ముప్పై ఏళ్ల కిందట వీధుల్లో చంపుకున్న ఇంకాతా, ఏఎన్‌సీ ఇప్పుడు ఒకే వైపు. మిగిలింది ఒకే ఒక్క సీటు, ఎన్ఎఫ్‌పీ అనే చిన్న పార్టీది. అది కూడా ఒకప్పుడు ఇంకాతా నుంచి చీలిందే. ఆ ఒక్కరు ఇటు రావడంతో 41, ప్రభుత్వం ఏర్పడింది. అటు వెళ్లుంటే 40-40.

ఈ లెక్క విని కూతురు మొదటిసారి ఫోన్ పక్కన పెట్టిందట. ఆ ఒక్క సీటు పార్టీకి మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయి, మా వీధిలో ఎన్ని పడ్డాయి అని అడిగిందట. బూత్‌లవారీ లెక్కలు ఎన్నికల సంఘం సైట్‌లో ఉంటాయి, తీసి ఇస్తానని పెద్దాయన మాటిచ్చారు. ఆ పని నా మీద పెట్టారు, స్క్రిప్ట్ రాసి డేటా లాగమని. శుక్రవారం రిలీజ్ ఉంది. అయ్యాక కూర్చుంటా.